అసిరమ్మ మూడో పిలుపు

ఒకటో రోజు

పిలిచేశాను. ఇక మాట వెనక్కి తీసుకునేది లేదు.

పొద్దున్న ఎనిమిదింటికి భోజనశాలలో గంట కొట్టించి, పెద్ద చదువరి వరహాలమ్మగారు నా కాగితం చదివారు. గేదెల అసిరమ్మ, వయసు యాభై ఎనిమిది, మూడో పిలుపు. అంబలి తాగుతున్న నూట నలభై మందీ ఒక్కసారి నా వైపు తిరిగారు. తిరగనీ. ముప్పయ్యేళ్లుగా పట్టీలు చదువుతున్నదాన్ని, తల దించుకుని కూర్చునే రకం కాదు నేను.

తర్వాత ఈ పుస్తకం తెరిచేవాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. చుక్క వెలుగును రంగులుగా విడదీసి కాగితం మీద పరిస్తే వచ్చేదాన్ని పట్టీ అంటాం. చుక్కలో ఏమేం ఉన్నాయో అవన్నీ దాని మీద నల్లగీతలై పడతాయి. ఇనుముకు ఇనుము గీతలు, సున్నానికి సున్నం గీతలు. లోకం మొదట్లో పుట్టిన చుక్కల్లో ఉదజని, హీలియం తప్ప ఇవేవీ దాదాపు లేవు. ఇనుమూ సున్నమూ ఆ చుక్కలే కడుపులో వండి, పేలిపోయి, నాలుగు దిక్కులా వెదజల్లాయి. మన నెత్తుటిలో ఇనుమూ, మన పళ్లలో సున్నమూ అలా వచ్చినవే. కాబట్టి చుక్కలో అవి ఎంత తక్కువుంటే అది అంత పాతది. అలాంటి పాతది దొరికిందని నలుగురిలో నిలబడి చెప్పడమే పిలుపు.

చదువరికి జీవితంలో మూడే పిలుపులు. నా మొదటిది అసలు చుక్కే కాదు, చల్లారిపోతున్న నిప్పుకణిక. రెండోదాంట్లో ఇనుము సన్నగా దాక్కుని ఉండి, ఇంకొకరు సరిచూసే ఎదురు చదువులో బయటపడింది. ఇదీ పోతే కుర్చీ దిగాలి. దిగినవాళ్లు గుమ్మడి తోటలో పని చేస్తుంటారు. మంచివాళ్లే, బాగానే నవ్వుతారు, కానీ పట్టీల మాట ఎత్తితే మాత్రం నీళ్ల గొట్టం సర్దుకుంటూ అటు తిరిగిపోతారు. నాకు ఆ గొట్టం వద్దు.

యంత్రానికి ఇవ్వొచ్చు కదా ఈ చదువు అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. ఇచ్చారు ఒకప్పుడు. అది ప్రతి చుక్కా తనకు తెలిసిన చుక్కలాగే ఉండాలనుకుని లేని గీతలను తనే పూరించేసేది. పదకొండేళ్ల పట్టీలు పారబోశారు. అప్పట్నుంచి మనిషి కన్నుదే ఆఖరి మాట.

పిలుపు తర్వాత పన్నెండు రోజులు బిలం అడుగున ఉన్న మా దూరదర్శిని అద్దం ఆ చుక్కనే చూస్తుంది. బేసి రోజుల పట్టీలు పిలిచినవాళ్లు, సరి రోజుల పట్టీలు ఎదురు చదువరి చదవాలి. ఆ పన్నెండు రోజులూ వాళ్లిద్దరూ మాట్లాడుకోకూడదు, ఒక్క ముక్క కూడా. అవతలివారి రోజున బిలానికి సంబంధించిన దీపం, తలుపు, కిటికీ రెప్ప ఏదీ కదపకూడదు. ఎవరి పట్టీ అయినా చెడితే ఎందుకు చెడిందో ఇద్దరూ ఎవరి పుస్తకంలో వాళ్లు రాయాలి. ఇద్దరి కారణం ఒక్కటైతే ఆ రోజును తీసేస్తారు. రెండు కారణాలైతే పిలుపు పోయినట్టే.

నాకు పడిన ఎదురు చదువరి ఎవరనుకున్నారు? దాలమ్మ. నా మరిది తవిటినాయుడి పెళ్లాం, నా తోడికోడలు. మా ఆయన పోయాక ముగ్గురం ఒకే కొంపలో ఉంటున్నాం. పన్నెండు రోజులు ఒకే గిన్నెలో అన్నం తింటూ మాట్లాడకుండా ఉండాలన్నమాట.

ఇవాళ్టి పట్టీ కడిగిన పలకలా ఉంది. ఊదారంగు కొసన సున్నం జంటగీతలు పడే చోట ఏమీ లేదు. ఇనుము చోట ఏమీ లేదు. నా చుక్క పాతది, నాకు తెలుసు.

సాయంత్రం చేతులు ఊరుకోక వడియాలు మొదలుపెట్టాను. నిన్ననే ఉప్పేసి మూటకట్టిన గుమ్మడి ముక్కలు పిండి, మినప్పిండిలో కలిపాను. చెయ్యి జారి ఉప్పు కాస్త ఎక్కువే పడింది, ఎవరికీ తెలియదులే. పోయినసారి నల్ల పళ్లాల మీద పెడితే అంటుకుపోయాయి. అందుకని మా ఆయన తెల్ల పంచెలు నాలుగు తీసి ఎండ గదిలో పరిచి వాటి మీద పెట్టాను. మా చుక్కలవలస చందమామ దక్షిణపు కొసన, ఒక బిలం అంచు మీద ఉంది. అంచు మీద ఎప్పుడూ ఎండ, బిలం అడుగున ఎప్పుడూ చీకటి. ఆ చీకట్లోనే మా అద్దం. సూర్యుడు నెలకోసారి అంచు చుట్టూ గానుగెద్దులా తిరుగుతాడు, ఇంకో రెండు రోజుల్లో ఎండ గదికి ఎదురుగా వస్తాడు. అప్పుడు గది కొలిమి అయిపోయి వడియాలు పగులుతాయి. అందుకని బిలంవైపు కిటికీకి ఉన్న రేకు రెప్పను ముందే ఎత్తి పెట్టాను, వేడి అటు పోతుందని. మావాళ్లెవరికీ ఇంత ముందుచూపు లేదు.

మూడో రోజు

సున్నం చోట ఏదో ఉంది.

గీత అనడానికి లేదు. కాగితం మీద వేలిముద్ర పడినట్టుంది, అంతే. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. కుర్చీ మార్చి చూశాను. ఉంది. ఉన్నదాన్ని ఉందని రాశాను.

తవిటినాయుడిని పిలిచి అద్దం ఎప్పుడు తుడిచావని అడిగాను. అద్దం సంరక్షణ అతనిదే, పదహారేళ్లుగా. మొన్ననే అన్నాడు. సరిగా తుడిస్తే ఇది వచ్చేది కాదన్నాను. పదహారేళ్లలో తన అద్దం మీద ఎవరూ వేలు పెట్టి చూపలేదన్నాడు. నేను చూపిస్తున్నాగా అన్నాను. అతను మూతి ముడుచుకుని వెళ్లాడు.

నాలుగో రోజు

నా రోజు కాదు. బట్టలు ఉతికాను. వడపోత గుడ్డలు మార్చాను. దాలమ్మ పట్టీల గది నుంచి వచ్చేటప్పుడు దాని మొహం చూశాను. మొహంలో ఏమీ లేదు. అది చిన్నప్పట్నుంచీ అంతే, లోపల పెళ్లి జరుగుతున్నా బయటికి తెలియదు.

భోజనం దగ్గర పచ్చడి దాని పక్కన ఉంది. నాకు కావాలి. తవిటినాయుడు ఇటు తిరిగి, "అప్ప పచ్చడడుగుతంది" అని దానికి చెప్పి, అది గిన్నె జరిపితే అందుకుని నాకిచ్చాడు. అప్ప అంటే మా వైపు అక్క, దాలమ్మ నన్ను అలాగే పిలుస్తుంది. నాలుగు రోజులకే అతని మెడ పట్టేసింది.

పట్టీ తీయడం అయిపోయాక సాయంత్రం వడియాలు తిరగేయడానికి వెళ్లాను. మొదటి వరసలో రెండు తక్కువున్నాయి. రెండో వరసలో ఒకటి. నేను వరసకు పన్నెండు పెడతాను, ఎప్పుడూ అంతే. ఇది పోలినాయుడి ఐసు ముఠా పని, బిలం అడుగున నీళ్ల కోసం మంచు తవ్వేవాళ్లు, ఎండ గది మెట్ల పక్క నుంచే వాళ్ల దారి. పట్టుకుంటాను.

అయిదో రోజు

గీత స్పష్టంగా ఉంది. జంటగీత, సున్నానిదే.

పాత పట్టీలు రెండూ తీసి పక్కన పెట్టుకున్నాను. తర్వాత బుర్ర పనిచేసింది. ఒకటో రోజు లేనిది మూడో రోజు మసకగా వచ్చి అయిదో రోజు ముదిరింది. చుక్కకు నాలుగు రోజుల్లో సున్నం పట్టదు. ఇది నా చుక్కది కాదు, బయటి వెలుగు ఏదో అద్దంలో కలుస్తోంది. బయటి వెలుగంటే ఇక్కడ ఒక్కటే, సూర్యుడు. సూర్యుడి నిండా సున్నమే, ఇనుమే. ఎండ ఎక్కడి నుంచో బిలంలోకి కారుతోంది.

నా చుక్క మన వైపు పరుగెత్తి వచ్చేదైతే దాని గీతలు పక్కకు జరిగి ఉండేవి, ఏది దానిదో ఏది పరాయిదో ఇట్టే తేలిపోయేది. ఇది మనకు అడ్డంగా పోతోంది. గీతలు జరగవు. కాబట్టి ఎండ ఎక్కడిదో నేనే కనిపెట్టాలి, కనిపెట్టి రాయాలి. దాలమ్మ కూడా అదే కనిపెట్టాలి, అదే రాయాలి. దానితో నేను మాట్లాడకూడదు. ఈ నియమం పెట్టినవాళ్లెవరో గానీ వాళ్లకు తోడికోడళ్లు లేరు.

పరాయి వెలుగు పడకుండా అద్దం చుట్టూ ఉన్న గొడుగుకు చిల్లు పడి ఉంటుందని తవిటినాయుడిని కిందికి పంపాను. చలి తొడుగు వేసుకుని దిగి నాలుగు గంటలు వెతికి వచ్చాడు. చిల్లు లేదు. అద్దం కూడా మళ్లీ తుడిచాడట. మీసం మీద మంచు కరుగుతుండగా నా ముందు నిలబడి, "రొండుసార్లు తుడిసినాను వదినా. ఇంకేటి సెయ్యమంటావు, అద్దాన్ని ఎత్తుకోని లాలి పాడమంటావా" అన్నాడు. పాడినా తప్పులేదన్నాను.

ఆరో రోజు

వడియాలు పగిలాయి. మూడు వరసలు అడ్డంగా నెర్రెలిచ్చాయి. రెప్ప ఎత్తే ఉంది, చూశాను, అయినా గది అంత వేడి ఎలా ఎక్కిందో తెలియదు. గాలి గొట్టాలు ఎవరో తగ్గించారన్నమాట. అది కూడా తవిటినాయుడి పనే, అతనికే చెప్పాను. ఇంకో రెండు వడియాలు పోయాయి కూడా.

ఏడో రోజు

ఇనుము వచ్చింది. సున్నం వెనకాలే తోకలా సన్నటి ఇనుము గీతలు. సూర్యుడి వంటంతా నా చుక్క నెత్తిన పోస్తున్నారెవరో. నా చుక్క సంగతి నాకు తెలుసు, పన్నెండు వందల కోట్ల ఏళ్లు కడుపు కట్టుకుని బతికిన చుక్క అది, దానికి ఈ నింద ఏమిటి? కళ్లలో నీళ్లు తిరిగాయి. రాసేస్తున్నాను, నా పుస్తకమే కదా.

తర్వాత కోపం వచ్చింది. ఐసు ముఠా బిలం తూర్పు వారన తవ్వుతుంది. వాళ్ల దీపాలు మామూలు దీపాలు కావు, అంచు మీది ఎండనే గాజు తాళ్లలో కిందికి దింపుకుంటారు. ఎండంటే సూర్యుడే కదా. దొరికాడనుకున్నాను పోలినాయుడు. భోజనశాలలో అందరి ముందూ లేచి, పిలుపు అయ్యేదాకా నా రోజుల్లో దీపాలు ఆర్పాలన్నాను. చదువరి పిలుపులో ఉంటే అడిగే హక్కుంది. దీపాలకు తొడుగులున్నాయనీ, ఇరవయ్యేళ్లలో ఒక్క మెరుపు కూడా బయటికి రాలేదనీ పోలినాయుడు నెమ్మదిగానే చెప్పాడు. పచ్చి వడియాలు తినే చేతులను నేను నమ్మనన్నాను. ముఠా మొత్తం ముఖాలు చూసుకున్నారు. దాలమ్మ అంబలి గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

ఎనిమిదో రోజు

మళ్లీ పగిలాయి. ఈ కొంపలో ఒక్కరికీ బాధ్యత లేదు.

తొమ్మిదో రోజు

ఈ రోజుది వివరంగా రాయాలి.

పట్టీ నిన్నటి నా భయం కంటే చెడ్డగా వచ్చింది. ఐసు ముఠా దీపాలన్నీ ఆర్పి చీకట్లో తడుముకుంటూ పని చేశారు, అయినా సున్నం ఇంకా నల్లబడింది. అంటే దీపాలు కాదు. అద్దం కాదు. గొడుగు కాదు.  గుమ్మడి పాదులు కళ్ల ముందుకొచ్చాయి.

మధ్యాహ్నం కింద నుంచి పోలినాయుడు రేడియోలో మాట్లాడాడు. దెప్పడానికేమో అనుకున్నాను. కాదు. "అసిరమ్మప్పా, ఇన్నాళ్లూ మా దీపాల ఎలుగులో మాకు ఏటీ అగుపడలేదు. ఈ యేళ దీపాలు లేక కళ్లు సీకటికి అలవాటు పడినాయి. పడమట గోడ మీద తెల్లగా మచ్చ లాంటిదేదో అగుపడతంది. మా గుంపులో అందరికీ అగుపడింది. వొచ్చి సూసుకో" అన్నాడు.

పదేళ్లయింది నేను బిలంలో దిగి. చలి తొడుగు నడుం దగ్గర బిగుతుగా ఉంది. ముఠావాళ్లు నన్ను మధ్యలో కూర్చోబెట్టి దీపం ఆర్పారు. ఏమీ లేదు. పావుగంట గడిచింది. ఎవరో దగ్గారు. అరగంటకు అదిగో, పడమటి గోడ మీద, నలుచదరంగా, వెన్న రాసినట్టు పల్చటి తెలుపు. దాని వెలుగే గోడ మీంచి చిమ్మి అద్దంలో పడుతోంది. గోడకు ఎదురుగా తల తిప్పి అంచు మీదికి చూశాను. మెరుస్తున్న కిటికీ ఒక్కటే కనబడింది. ఏ కిటికీనో లెక్కపెట్టుకోవాల్సిన పని లేకపోయింది.

 రేడియోలో తవిటినాయుడిని పిలిచి, ఎండ గదికి పోయి నేల మీద పంచెలు నాలుగూ మడిచెయ్యమన్నాను. ఎందుకని అడగలేదు, వెళ్లాడు. చూస్తుండగానే గోడ మీద మచ్చ పావు తగ్గింది, సగమైంది, పోయింది. ముఠాలో ఎవరో హమ్మయ్య అన్నారు. పోలినాయుడు నా చెయ్యి పట్టుకుని మెల్లగా పైదారి దాకా నడిపించాడు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఎండను కిటికీలోంచి బిలంలోకి తిప్పి కొట్టిన మా ఆయన తెల్ల పంచెలు. నేను ఎత్తిన రెప్ప. నా వడియాలు. తొమ్మిది రోజులుగా ఊరందరినీ తిట్టి పోసిన మనిషిని నేనే.

పదో రోజు

దాలమ్మ రోజు. రెప్ప ఎత్తే ఉంటుంది, నేను కదపకూడదు. పంచెలు నిన్న రాత్రే ఉన్నచోట పరిపించాను, ఎదురు చదువరి రోజుకు అన్నీ నిన్నటిలాగే ఉండాలి కాబట్టి. పొద్దున ఎండ గది మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. నా వల్ల దాని పట్టీలన్నీ కూడా చెడి ఉంటాయి. చెడితే ఏం రాస్తుంది అది? దానికి ఏం తెలుసు?

తవిటినాయుడు అదే మాట ఎత్తాడు. తోటలో ఎవరూ లేని చోటు చూసి, పాదుల మధ్య గొంతుక్కూర్చుని చెప్పాడు. "వదినా, నువ్వు దీపాలు దీపాలని సబలో అరిసినావు. దాలమ్మా ఇన్నాది. పట్టీ సెడితే అది దీపాలనే రాస్తాది, దానికి తెలిసింది అదే. నువ్వూ దీపాలనే రాసీ. కలిసిపోతాది. వొడియాల సంగతి నాకు, పోలినాయుడి ముఠాకి తప్ప ఎవులికీ తెలీదు. ముఠాలో ఎవులూ నోరిప్పరు."

నాకు అర్థం కాక కాదు. అబద్ధం రాస్తే ఇద్దరివీ కలుస్తాయి. నా కుర్చీ నాకుంటుంది. నిజం రాస్తే విడిపోతాయి, పన్నెండో రోజున ఊరందరి ముందు నా వడియాల కథ చదివి, తర్వాత నన్ను కుర్చీ దింపుతారు. నిజం రాసినవాళ్లకు రెండు శిక్షలు.

రాత్రి భోజనం దగ్గర పచ్చడి కూడా అడగలేదు.

పదకొండో రోజు

నా రోజు. తెల్లారుతూనే నేనే పైకి వెళ్లి రెప్ప దించాను, పంచెలు మడిచాను. వడియాలను పాత నల్ల పళ్లాల్లోకి ఎత్తాను. కొన్ని విరిగాయి.

పట్టీ వచ్చింది. దాన్ని చూసి ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. సున్నం చోట ఏమీ లేదు. ఇనుము చోట ఏమీ లేదు. ఉదజని గీతలు మాత్రం గట్టిగా, గంభీరంగా ఉన్నాయి. నా చుక్క నా చుక్కే. ఈ లోకంలో మొదటి పొయ్యి ఆరీ ఆరకముందే పుట్టిన చుక్క. దాన్ని ముందుగా చూసింది నేను. కుర్చీ ఉన్నా పోయినా ఆ మాట నా నుంచి ఎవరూ తీసుకోలేరు.

అప్పుడు ఒకటి తోచింది. యంత్రాన్ని ఎందుకు తీసేశాం? తనకు అనుకూలంగా ఉన్నదాన్ని పూరించి రాసినందుకు. దీపాలని రాస్తే నేను చేసేది అదే. ముప్పయ్యేళ్లు ఆ యంత్రం కంటే నా కన్ను మేలని కాలరెగరేసి తిరిగినదాన్ని.

కలం తీసుకుని చదువు పుస్తకంలో ఇలా రాశాను.

"మూడు, అయిదు, ఏడు, తొమ్మిది రోజుల పట్టీలు చెడ్డాయి. కలిసింది సూర్యుడి వెలుగు. కారణం: ఎండ గదిలో నేను తెల్ల పంచెల మీద వడియాలు పెట్టాను, బిలంవైపు రెప్ప నేనే ఎత్తాను. అద్దంలో తప్పులేదు. ఐసు దీపాల్లో తప్పులేదు. తవిటినాయుడిని, పోలినాయుడి ముఠాను అకారణంగా అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. గేదెల అసిరమ్మ."

రాసి, ముద్ర వేసి, రేపు దాలమ్మ రోజు కాబట్టి పైకి వెళ్లి పంచెలు పరిచి, రెప్ప ఎత్తి వచ్చి, వరహాలమ్మగారి గూట్లో పడేశాను. వచ్చేదారిలో భోజనశాల వెనక పోలినాయుడు కనబడ్డాడు. నోటితో కూడా చెప్పాను. ఫర్వాలేదప్పా అన్నాడు. వడియాలు తిన్నది మాత్రం మేం కాదు అన్నాడు.

పన్నెండో రోజు

ఊరంతా వచ్చింది. ఐసు ముఠా పని తొడుగులతోనే వచ్చి గోడ వారన నిలబడ్డారు. తోటవాళ్లు, వంటవాళ్లు, పురిటి బిడ్డతో సహా ఆసుపత్రివాళ్లు. నేను ముందు వరసలో కూర్చున్నాను, ఉతికిన చీర కట్టుకుని. దిగాల్సి వస్తే తిన్నగా దిగాలి. దాలమ్మ నాకు ఎదురుగా కూర్చుంది. మొహంలో ఏమీ లేదు.

వరహాలమ్మగారు ముందు నా పుస్తకం విప్పారు. ఆవిడకు ఎనభై దాటాయి, ఒక్కో మాటా నమిలి చదువుతారు. "వడియాలు" దగ్గర ఆగి, కళ్లద్దాలు ఎత్తి నన్ను చూసి, మళ్లీ చదివారు.  తర్వాత వెనక ఎక్కడో ఒకరు నవ్వారు, ఇంకొకరు నవ్వారు, ఊరు ఊరంతా నవ్వింది. తవిటినాయుడు నేల చూస్తున్నాడు. నేను తల ఎత్తే కూర్చున్నాను. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

తర్వాత దాలమ్మ పుస్తకం విప్పారు. నవ్వులు ఆగాయి. దీపాలు అన్న మాట వస్తే నా పని అయిపోయినట్టే. నేను చీర కుచ్చిళ్లు పట్టుకున్నాను.

"రెండో రోజు: సున్నం లేదు, ఇనుము లేదు. నాలుగో రోజు: సున్నం మసకగా కనబడింది. చుక్కది కాదు, సూర్యుడిది. కారణం: ఎండ గదిలో వడియాల కింద తెల్ల పంచెలు, బిలంవైపు ఎత్తి ఉన్న రెప్ప. నాకెలా తెలుసంటే, పచ్చి వడియాలు తినడానికి పైకి వెళ్లేదాన్ని. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు రోజుల్లో నా పట్టీ పడుతున్నంతసేపూ రెప్ప దించాను, అయ్యాక ఎప్పటిలా ఎత్తి పెట్టాను. ఆ నాలుగు పట్టీలూ శుభ్రం. సున్నం లేదు, ఇనుము లేదు."

వరహాలమ్మగారు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని చూశారు. తర్వాత నెమ్మదిగా, అందరికీ వినబడేలా చెప్పారు.

"చుక్క కలిసింది. కారణం కూడా కలిసింది. పిలుపు నిలబడింది."

ఐసు ముఠా గునపాలు నేలకేసి కొట్టారు. తోటలోకి దిగిన పాత చదువరులు ముగ్గురూ లేచి నిలబడ్డారు, వాళ్లను చూసి మిగతావాళ్లు లేచారు. తవిటినాయుడు గట్టిగా ముక్కు చీదాడు. నేను మాత్రం దాలమ్మనే చూస్తూ కూర్చున్నాను.

నాలుగో రోజు నుంచే తెలుసు దానికి. నోటి దాకా వచ్చిన మాటను ఎనిమిది రోజులు అన్నంతో పాటు మింగింది. వడియాలు ఎందుకు పగిలాయో, ఎందుకు తగ్గాయో ఇప్పుడు తెలిసింది. దీపాలని నేను అరుస్తుంటే గిన్నెలోకి చూస్తూ కూర్చుని, తన పుస్తకంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసుకుంది. నేను నిన్న దీపాలని రాసి ఉంటే ఈ పాటికి గొట్టం పట్టుకుని ఉండేదాన్ని. అది నన్ను కాపాడలేదు, నేను దాన్ని మోసం చేయలేదు, ఇద్దరం ఒక్కటే చదివాం. ముప్పయ్యేళ్లలో ఇంత గర్వంగా నాకెప్పుడూ లేదు, నా గురించీ, మా ఇంటి గురించీ.

పెద్ద పుస్తకంలో చుక్క కింద రెండు పేర్లు ఎక్కించారు. పిలిచినది గేదెల అసిరమ్మ, ఎదురు చదివినది గేదెల దాలమ్మ. దాని కిందే వరహాలమ్మగారు తన చేత్తో కొత్త నియమం కూడా రాశారు, పిలుపు రోజుల్లో ఎండ గదిలో వడియాలు పెట్టరాదని. నూరేళ్ల తర్వాత చదివేవాళ్లకు అది ఎందుకో అర్థం కాక బుర్ర గోక్కుంటారు. గోక్కోనీ.

ఇక మాట్లాడుకోవచ్చని గంట కొట్టారు. దాలమ్మ లేచి నా దగ్గరికి వచ్చింది. పన్నెండు రోజుల మాటలు ఎక్కడి నుంచి మొదలుపెడుతుందో అని నేనూ, మా చుట్టూ ఊరూ చూస్తున్నాం. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఉప్పెక్కువైందప్పా" అంది.

ఇన్నేళ్లలో నా చేతి ఉప్పుకు వంక పెట్టిన మనిషి లేదు. కానీ దాని చదువు తప్పదని ఇప్పుడే ఊరంతా విన్నది. ఎక్కువే పడిందని ఒప్పుకున్నాను.